మంచం మీది నర్సమ్మ

ఫ్లారెన్స్ నైటింగేల్ అంటే మనకు చేతిలోని దీపమే గుర్తొస్తుంది. నిజానికి క్రిమియా యుద్ధ సమయంలో ఆమె అక్కడ సేవ చేసింది రెండేళ్లలోపే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమే రోగి. ఈ సంగతి మన ప్రసంగాల్లోకి ఎందుకో రాదు.

1820లో ధనిక కుటుంబంలో పుట్టిన ఆమె, పదహారేళ్లప్పుడు దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మింది. నర్సు పని అప్పట్లో పరువు తక్కువ గనుక ఇంట్లోవాళ్లు ససేమిరా అన్నారు. 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో ప్రొటెస్టెంట్ డీకనెస్సుల వద్ద శిక్షణ పొందింది. 1854లో 38 మంది నర్సులతో స్కుటారి చేరింది. మరుసటి ఏడాది క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను చాలాకాలం వదల్లేదు. అది పచ్చిపాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉంటుందని కొందరు వైద్యుల అభిప్రాయం. వెన్నును, కీళ్లను పీడించే వ్యాధి అది. 1860లలో ఆమెను ఒక గదినుంచి మరో గదికి మోసుకెళ్లాల్సి వచ్చింది.

స్వస్థత కలిగాకే పని చేద్దామని ఆమె కూర్చోలేదు. 1860లో లండన్‌లో నర్సుల పాఠశాల ఆమె పేరున మొదలైంది. నర్సింగ్ గురించి ఆమె రాసిన చిన్న పుస్తకం ఇంట్లో రోగిని చూసుకునే మామూలు స్త్రీల కోసమే. మన దేశానికి ఎన్నడూ రాకపోయినా, ఇక్కడి గ్రామాల నీరు, పారిశుధ్యం గురించి దశాబ్దాలపాటు రాసింది. మన కాటన్ దొర కాలువల వాదాన్ని బలపరిచింది. 1892లో ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్యం నేర్పే స్త్రీలకు తర్ఫీదు ఇప్పించింది. ఉపన్యాసం చెప్పి వచ్చేయడం కాదు, తల్లుల పక్కన కూర్చొని చేసి చూపించాలన్నది ఆమె పట్టుదల.

పశ్చిమ ప్రకాశంలో ఆ పట్టుదల విలువ మనకు తెలుసు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదు చేశారు. మార్కాపురం, గిద్దలూరు వైపు సంఘాల్లో మోకాళ్లు పట్టేసి బెంచీ మీదే కూర్చొని ప్రార్థించే పెద్దవాళ్లున్నారు. మోకరించలేకపోవడాన్ని విశ్వాసలోపమనుకొని కుమిలిపోయేవారూ ఉన్నారు. వారికి మనం వాక్యం చెబుతాం. కాచినా ఫ్లోరైడ్ పోదనీ, తాగడానికీ వంటకూ వేరే నీళ్లు వాడాలనీ, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగితే కిడ్నీలు దెబ్బతింటాయనీ, కీళ్లను మెల్లగా రోజూ ఆడించాలనీ ఓపిగ్గా చెప్పేది మాత్రం నర్సమ్మే. డాక్టరు గారి చీటీలో అవన్నీ పట్టవు. 1910 ఆగస్టు 13న నైటింగేల్ కన్నుమూసింది. ఆమె సమాధి రాతిపై పూర్తి పేరైనా లేదు, రెండు పొడి అక్షరాలూ తేదీలూ అంతే.