జాక్ ఈవ్ కూస్టో

జాక్ ఈవ్ కూస్టో (1910 జూన్ 11 - 1997 జూన్ 25) ఫ్రాన్సు నౌకాదళ అధికారి, సముద్ర అన్వేషకుడు, చలనచిత్ర దర్శకుడు. ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలసి 1943లో ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించాడు. నేటి స్కూబా డైవింగ్ పరికరాలు చాలావరకు దీని నుండి వచ్చినవే. అయితే కూస్టో చేతికి ఆక్వాలంగ్ కంటే ముందు వచ్చినది కెమెరా. అతని జీవితంలో ఈ రెండింటినీ విడదీసి చూడటం కష్టం.

తొలి జీవితం

కూస్టో బోర్డో నగర సమీపంలోని సాన్ ఆంద్రే ద క్యూబ్‌జాక్ అనే ఊరిలో జన్మించాడు. పదమూడవ ఏట ఒక చిన్న సినిమా కెమెరా కొని, దానితో ఇంటివారిని, స్నేహితులను చిత్రీకరించేవాడు. 1930లో నౌకాదళ విద్యాలయంలో చేరాడు. విమాన చోదకుడు కావాలనుకున్నాడు కాని 1936లో జరిగిన కారు ప్రమాదంలో చేతులు విరగటంతో ఆ ఆశ తీరలేదు. చేతులకు బలం రావటానికి తూలాన్ తీరంలో ఈత మొదలుపెట్టాడు. ఫిలిప్ తాయే అనే తోటి అధికారి ఇచ్చిన కళ్ళద్దాలు పెట్టుకొని నీటిలోకి చూడటం అతని జీవితాన్నే మార్చివేసింది. తాయే, ఫ్రెడెరిక్ డ్యూమా, కూస్టో ముగ్గురూ ఆ తరువాత కలిసి పనిచేశారు. 1937లో సిమోన్ మెల్షియోర్‌ను వివాహమాడాడు.

కెమెరా, ఊపిరి

కూస్టో మొదటి జలాంతర చిత్రం 1942లో తయారైంది. పేరుకు తగినట్టు అది పద్దెనిమిది మీటర్ల లోతున తీసినది. అప్పటికి ఆక్వాలంగ్ లేదు. ఊపిరి బిగబట్టి మునగటం, కొద్దిసేపు చిత్రీకరించి పైకి రావటం, ఇదే పద్ధతి. యుద్ధకాలం కావటంతో సినిమా ఫిల్ము దొరికేది కాదు. ఫొటో కెమెరాల కోసం అమ్మే చిన్న ఫిల్ము చుట్టలను కొని, రాత్రిపూట దుప్పటి కింద చీకటిలో భార్యాభర్తలు వాటిని ఒకదానికొకటి అతికించేవారు.

నీటి అడుగున ఎక్కువసేపు ఉండటానికి అంతకుముందే కొన్ని పరికరాలు ఉన్నాయి. ఈవ్ ల ప్రియూర్ తయారుచేసిన దానిలో గాలి ఎడతెగక వస్తూ వృథా అయ్యేది. శుద్ధ ఆక్సిజన్‌తో చేసిన ప్రయత్నాలలో కూస్టోకు మూర్ఛ వచ్చింది. సిమోన్ తండ్రి పారిశ్రామిక వాయువుల సంస్థ ఎయిర్ లిక్విడ్‌లో పనిచేసేవాడు. కూస్టోకు గాన్యాన్‌తో పరిచయం కలిగింది అక్కడే. పెట్రోలు కొరత వలన కార్లను బొగ్గువాయువుతో నడపటానికి గాన్యాన్ తయారుచేసిన కవాటమే ఆక్వాలంగ్‌కు ఆధారం. ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలి అందటం దీని ప్రత్యేకత.

1943 జనవరిలో మార్న్ నదిలో మొదటి పరీక్ష జరిగింది. అడ్డంగా ఈదినప్పుడు పరికరం సరిగా పనిచేసింది. నిలబడితే గాలి వృథాగా పోయింది, తలక్రిందులైతే గాలి సరిగా అందలేదు. పీల్చే గాలి వచ్చే చోటుకు, విడిచిన గాలి పోయే చోటుకు ఎత్తులో తేడా ఉండటమే కారణమని గ్రహించి రెంటినీ ఒకే మట్టానికి తెచ్చారు. ఆ వేసవిలోనే మధ్యధరా సముద్రంలో కూస్టో స్వేచ్ఛగా ఈదాడు.

లోతుకు పోయేకొద్దీ ముందుగా ఎరుపు రంగు మాయమవుతుంది. డ్యూమా ఒకసారి సుమారు 45 మీటర్ల లోతున చేపను పొడిస్తే కారిన నెత్తురు పచ్చగా కనిపించింది. అందుకే రంగుల చిత్రానికి దీపాలు తప్పనిసరి. నీరు తేటగా లేకపోతే దీపాలు కూడా పనికిరావు. నంద్యాల జిల్లా పగిడ్యాల వైపు శ్రీశైలం వెనుక జలాలను వరద రోజులలో చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

1960 ప్రాంతంలో బెల్జియం ఇంజనీరు జాన్ ద వౌటర్స్ కూస్టో ప్రోత్సాహంతో కాలిప్సో అనే చిన్న కెమెరాను రూపొందించాడు. అంతకుముందు కెమెరాను బరువైన పెట్టెలో బిగించి తీసుకుపోవలసి వచ్చేది. దీనికి ఆ పెట్టె అవసరం లేదు, రబ్బరు వలయాలతో కెమెరాలోకే నీరు రాకుండా చేశారు. జపాన్‌కు చెందిన నికాన్ సంస్థ దీనిని 1963 నుండి నికోనోస్ పేరుతో అమ్మింది, 2001 వరకు తయారుచేసింది. 2004లో మొదటి గోప్రో కెమెరా వచ్చింది. నేడు డైవర్లు చేతికో తలకో కట్టుకొనే చిన్న కెమెరాలు ఈ వరుసలోనివే.

ప్రమాదాలు

1946లో ఫోంతేన్ ద వోక్లూజ్ అనే జలగుహలో దిగినప్పుడు కూస్టో, డ్యూమా చావుకు దగ్గరయ్యారు. సిలిండర్లను నింపే యంత్రం తన పొగనే తిరిగి పీల్చటంతో గాలిలో కార్బన్ మోనాక్సైడు కలిసింది. 1947లో లోతు రికార్డు కోసం దిగిన సహచరుడు మోరిస్ ఫార్గ్ దాదాపు 120 మీటర్ల వద్ద స్పృహ కోల్పోయి మరణించాడు. అధిక ఒత్తిడిలో నత్రజని మత్తు కలిగిస్తుందని అప్పటికే తెలుసు. ఎంత లోతు వరకు భరించవచ్చో తెలుసుకోవటానికి ఒక ప్రాణం పోయింది.

నిశ్శబ్ద ప్రపంచం

1950లో ఒక పాత మందుపాతరల ఏరివేత నౌక అతనికి ఏడాదికి ఒక ఫ్రాంకు నామమాత్రపు అద్దెకు లభించింది. అదే కాలిప్సో. 1956లో లూయీ మాల్‌తో కలసి తీసిన నిశ్శబ్ద ప్రపంచం కాన్ చిత్రోత్సవంలో పామ్ దోర్, తరువాత ఆస్కార్ పొందింది. ఆ తరువాత 2004 వరకు మరే డాక్యుమెంటరీకి పామ్ దోర్ రాలేదు.

ఈ చిత్రాన్ని నేడు చూస్తే మనస్సు కలుక్కుమంటుంది. చేపలను లెక్కించటానికి పగడపు దిబ్బ వద్ద డైనమైట్ పేల్చటం, నౌక మరకు తగిలి గాయపడిన తిమింగిలం పిల్లను చంపటం, దాని కోసం వచ్చిన సొరచేపలను సిబ్బంది కసిగా నరకటం అన్నీ తెరమీద ఉన్నాయి. వీటిని దాచకపోవటం నిజాయితీయో, ఆనాటికి అది తప్పుగా తోచకపోవటమో చెప్పటం కష్టం. రెండవదే ఎక్కువ సంభవం. 1954లో పర్షియన్ గల్ఫ్‌లో చమురు అన్వేషణకు కూడా కాలిప్సో పనిచేసింది.

1960లో మధ్యధరాలో అణు వ్యర్థాలు పారవేసే ప్రతిపాదనను కూస్టో బహిరంగంగా వ్యతిరేకించాడు. 1968 నుండి టెలివిజన్ ధారావాహిక అతనిని ప్రపంచమంతటా ఇంటింటికీ పరిచయం చేసింది. 1973లో కూస్టో సొసైటీ స్థాపించాడు. అంటార్కిటికాలో గనుల తవ్వకానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించాడు. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ఆ తవ్వకాన్ని నిషేధించింది.

చివరి సంవత్సరాలు

తండ్రితో కలసి చిత్రాలు తీసిన చిన్న కుమారుడు ఫిలిప్ 1979లో లిస్బన్ వద్ద నీటి విమాన ప్రమాదంలో మరణించాడు. 1990లో సిమోన్ కన్నుమూసింది. మరుసటి ఏడాది కూస్టో ఫ్రాన్సీన్ త్రిప్లేను వివాహమాడాడు. 1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి ఢీకొని కాలిప్సో మునిగిపోయింది, తరువాత దానిని పైకి తీశారు. కూస్టో 1997లో పారిస్‌లో మరణించాడు. పుట్టిన ఊరిలోనే అతనిని ఖననం చేశారు.