తుపాకులకి లెక్క రాసిచ్చినోడు

కౌబోయ్ సినిమాల్లో కథ దాదాపు ఒకటేనండి. ఊళ్లో ఓ దుర్మార్గుడు, ఆడి జేబులో షెరీఫు, కోర్టుకెళ్తే జడ్జీ కూడా ఆడి మనిషే. ఇంక దారి లేక హీరో గుర్రమెక్కి తుపాకీ పడతాడు. తెలుగులో ఆ టోపీ పెట్టింది హీరో కృష్ణ, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో. మూడేళ్లకి, 1974లో, అదే కృష్ణ కాషాయం కట్టి అల్లూరి సీతారామరాజు అయ్యేడు. రెండూ ఒకే బాపతు కథలని చాలామంది అనుకుంటారు. కానీ నిజం రాజు తుపాకీ దాకా వెళ్లేలోపు చాలా మెట్లెక్కేడు. బైకుల మీద ఆయన బొమ్మేసుకు తిరిగే మన కుర్రోళ్లకి ఆ మెట్ల సంగతి చెప్పినోళ్లు తక్కువ.

మనకేం దూరపోడు కాదాయన. దిండిలో వశిష్ఠ గోదారి గట్టు మీద నించుంటే అవతల చించినాడ, పాలకొల్లు. ఆ పైన భీమవరం దగ్గర మోగల్లు రాజు తండ్రిగారి ఊరు. పుట్టింది మాత్రం అమ్మమ్మగారింట, విశాఖ వైపు పాండ్రంగిలో, 1897 జూలై 4న. తండ్రి చిన్నప్పుడే పోయేడు. చిన్నాన్న రామకృష్ణంరాజు తాసీల్దారు. ఆయన అండలో మన అవతలి ఒడ్డున నరసాపురంలో కూడా కొన్నాళ్లు చదివేడు. చదువు మీద మనసు నిలవలేదు. ఊళ్లు తిరిగి తిరిగి, 1917లో మన్యంలో కృష్ణదేవిపేట చేరి సన్యాసిలా కుదురుకున్నాడు. మందులిచ్చేవోడు, జాతకాలు చెప్పేవోడు. కొండోళ్లు నమ్మేరు.

అక్కడి చట్టం ఎలా ఉండేదో చూడండి. తాతల నాటి నుంచి కొండోళ్లు తుప్పలు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో గింజలు జల్లి పోడు చేసుకునేవోరు. 1882 అడవి చట్టమొచ్చి ఆ పోడుకి అడ్డం కొట్టింది. నిన్నటిదాకా బతుకుతెరువు, తెల్లారేసరికి నేరం. అంతకు ముందే, 1879లో, రంపలో పితూరీ లేచింది. కల్లు మీద పన్నేశారు, పల్లపు సాహుకార్లు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి అప్పుకింద గొడ్లు తోలుకుపోయేవోరు. కోర్టు అంటే ఆ కొండల్లో న్యాయం చెప్పే చోటు కాదు, గొడ్డుని తోలుకుపోయే కాయితం. (మనం కోర్టు అనగానే భయపడతామే, ఆ భయం ఎక్కడిదో ఇక్కడ తెలుస్తాది.)

రాజు కాలానికి గూడెంలో బాస్టియన్ అని డిప్యూటీ తాసీల్దారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి మీదకి రోడ్డేయించేడు. కొండోళ్లని బలవంతంగా పనికి తోలడం, కూలి సరిగా ఇవ్వకపోవడం. బట్టిపనుకుల గాం గంటం దొర కూడా ఆడి దెబ్బ తిన్నోడే. అర్జీలు పెట్టేరు, పైవోళ్లు పట్టించుకోలేదు. అప్పుడు కూడా రాజు తుపాకీ అనలేదు. అవి గాంధీగారి సహాయ నిరాకరణ రోజులు. కోర్టులకెళ్లకండి, తగువులు మన పంచాయతీల్లోనే తీర్చుకుందాం, కల్లు మానండని ఊరూరా చెప్పేడు. ప్రభుత్వానికి అదే కంపరమెత్తింది. 1922 మొదట్లోనే ఆయన్ని అదుపులోకి తీసుకుని మీద నిఘా పెట్టేరు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరని విడిపించేరు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది: ఏమేం పట్టుకెళ్తన్నాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లేడు. దొంగోడు లెక్క రాసిస్తాడా? తర్వాత అడ్డతీగలకి ముందే కబురంపి మరీ వచ్చేడు. మనోళ్లైన కానిస్టేబుళ్ల ప్రాణాలు తియ్యొద్దన్నది తన మనుషులకి పెట్టిన కట్టుబాటు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో తెల్ల ఆఫీసర్లు కవార్డు, హైటరు చచ్చిపోయేరు. ముందు నడిచే దేశీ పోలీసుల్ని వొదిలేసి ఆ ఇద్దర్నీ కొట్టేరని చెప్తారు.

ఆ తర్వాత మలబారు పోలీసులొచ్చేరు, అస్సాం రైఫిల్స్ వొచ్చేరు. ఊళ్లకి తిండి గింజలు ఆపేరు. రాజు తల మీద పదివేల రూపాయలు. రెండేళ్లు అడవి ఆయన్ని దాచింది. ఆ రెండేళ్లూ ఆకలితో మాడింది, దెబ్బలు తిన్నది పేర్లు రాయని కొండజనం. సినిమాలో ఆళ్లు హీరో వెనకాల గుంపుగా కనపడతారు, అంతే. నాకైతే ఆళ్లు లేకపోతే రాజు వారం కూడా నిలిచేవోడు కాదనిపిస్తాది.

1924 మే 7న మంప దగ్గర పట్టుకున్నారు. కొయ్యూరులో మేజర్ గూడాల్ చెట్టుకి కట్టించి కాల్పించేడు. పారిపోబోయేడని సర్కారు కాయితాల్లో రాసుకున్నారు. చార్జిషీటు లేదు, వాయిదా లేదు, జడ్జీ ముందు ఓ మాట లేదు. ఇన్నాళ్లూ చట్టం చట్టం అన్నవోళ్లే, ఆ మనిషి చేతికి దొరికిన రోజున చట్టాన్ని పక్కన పెట్టేశారు. కృష్ణదేవిపేటలో దహనం చేసేరు. వొచ్చే నెలలో గంటం దొర కూడా కాల్పుల్లో పోయేడు.

గంటం దొర తమ్ముడు మల్లుదొర మాత్రం అంతకు ముందే దొరికేడు. ఆయన్ని కోర్టులో పెట్టేరు. ఉరిశిక్ష పడింది, తర్వాత దాన్ని ద్వీపాంతరంగా మార్చేరు, అండమాను పంపేరు. బతికి బయటకొచ్చేడు. 1952లో దేశానికి మొదటి సాధారణ ఎన్నికలైనప్పుడు విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా గెలిచి, చట్టాలు చేసే లోక్‌సభలో కూర్చున్నాడు.