నీటి అడుగున ఊపిరి లెక్క తేల్చిన హాల్డేన్

మన ఏరియూరు వైపు పిల్లలకు కావేరి బాగా తెలుసు. కాస్త లోతుకు మునిగితే చెవులు నొప్పిపెడతాయనీ తెలుసు. పైనున్న నీటి పీడనమే అందుకు కారణం. ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీద ఇంకొక వాతావరణ పీడనం వచ్చి చేరుతుంది. నేవీ డైవర్ల కోసం ఆ పీడనాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్న శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం ఈసారి చెప్పుకుందాం.

ఆయన 1892లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా శాస్త్రవేత్తే. లోతులో ఉన్నప్పుడు డైవర్ ఒంట్లో నైట్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. ఒక్కసారిగా పైకి వస్తే, సోడా మూత తీసినట్టు అది బుడగలవుతుంది. కీళ్లు పట్టేస్తాయి, ప్రాణమూ పోవచ్చు. ఎక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో లెక్కగట్టి తండ్రి 1908లో పట్టికలు ప్రచురించారు. ఆ ప్రయోగాల రోజుల్లోనే, 1906లో, పదమూడేళ్ల కొడుకు డైవర్ దుస్తులు వేసుకుని స్కాట్లండ్ సముద్రంలో దిగాడు. దుస్తులు వదులై లోపలికి నీళ్లొచ్చినా బెదరలేదు.

1939 జూన్ 1న థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి లివర్‌పూల్ దగ్గర మునిగింది. 103 మందిలో నలుగురే బతికారు. కారణాలు తెలుసుకోవడానికి హాల్డేన్ ఇనుప గదిలో కూర్చుని, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్న గాలినే పీల్చి చూశారు. తర్వాత నేవీ కోసం ప్రయోగాలు కొనసాగించారు. శత్రువుకు బుడగలు కనబడకుండా ఉండాలంటే డైవర్లు శుద్ధ ఆక్సిజన్ పీల్చాలి. అయితే పీడనం పెరిగితే ఆ ఆక్సిజనే విషమై మూర్ఛ తెప్పిస్తుంది. ఎంత లోతులో, ఎంతసేపు తట్టుకోగలమో ఆయనా, ఆయన సహచరులూ తమ మీదే పరీక్షించుకున్నారు. అలాంటి ఒక మూర్ఛలో ఆయన వెన్నెముక దెబ్బతింది. కర్ణభేరికి చిల్లులు పడ్డాయి. యుద్ధంలో శత్రు రేవుల అడ్డువలలు కోసే డైవర్లకు ఈ లెక్కలే ప్రాణరక్షణ.

1957లో ఆయన భారతదేశానికి వచ్చి, తర్వాత ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గరే పరిశోధన చేశారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. బతికుండగా నావికుల కోసం పరీక్షకు పెట్టిన శరీరం, చివరకు మన తెలుగు విద్యార్థులకు పాఠమైంది.

పీడనం పాఠం చెప్పేటప్పుడు మేం ఉపాధ్యాయులం సూత్రంతో ఆగకుండా ఈ కథ కూడా చెప్పాలి. తల్లిదండ్రులూ ఇంట్లో చెబితే, పుస్తకంలోని ఒక్కో అంకె వెనుక ఎవరి కష్టం ఉందో పిల్లలకు తెలుస్తుంది.