తీగ పీకి తప్పు పట్టిన బెట్టీ

మొన్న మా తమ్ముడు కంప్యూటర్ ముందు తల పట్టుక్కూర్చున్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టినా ప్రోగ్రాం అక్కడ ఆగడం లేదట. ఆ పేరెలా వచ్చిందిరా అంటే తెల్లమొహం వేశాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

బెట్టీ హోల్బర్టన్ 1917లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టింది. కాలేజీలో మొదటిరోజే లెక్కల ప్రొఫెసరు, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోవడం మేలు కదా అన్నాట్ట. పాపం, జర్నలిజం చదువుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యానికి వెళ్లడంతో, ఫిరంగి గుండ్ల దారి లెక్కగట్టే పని ఆడవాళ్లకి దొరికింది. అలా ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు ఆడవాళ్లలో ఒకతె అయింది.

దాదాపు 18,000 వాల్వుల యంత్రమది! లెక్క తప్పితే ఎక్కడని వెతుకుతాం? ఒకచోట తీగ పీకేస్తే పని అక్కడే ఆగుతుంది. అంతవరకూ వచ్చిన అంకెలు సరిచూసుకోవచ్చు. బ్రేక్‌పాయింట్ అంటే అదే.

1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించాలి. ముందురోజు రాత్రి, గుండు నేలని తాకాక కూడా లెక్క ఆగలేదు. బెట్టీ ఇంటికెళ్లి పడుకుంది. పొద్దున్నే వచ్చి ఒక్క స్విచ్చి మార్చింది, అంతే! ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. ఆ రాత్రి విందుకి మాత్రం ఈ ఆడవాళ్లని ఎవరూ పిలవలేదు.

51 ఏళ్ల తర్వాత, 1997లో, ఆవిడకి అడా లవ్‌లేస్ అవార్డు ఇచ్చారు. 2001లో కన్నుమూసింది.

మీ అమ్మాయి లెక్కలు చదువుతానంటే వద్దనకండి.