కింది తరగతులకే పెద్దపీట వేసిన ఆచార్య రే

కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థుల ఎదుట ఒక ఎముక ముక్కను కాల్చి, మిగిలిన తెల్లని బూడిదను చిటికెడు తీసి నోట్లో వేసుకునేవారు ఆ అధ్యాపకులు. ఎముకను తాకడానికే జంకే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు నివ్వెరపోయేవారు. మిగిలింది కాల్షియం ఫాస్ఫేట్ మాత్రమేననీ, అది ఏ జంతువుదైనా రసాయనశాస్త్రానికి ఒక్కటేననీ అప్పుడు వివరించేవారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో 1889 నుంచి 1916 వరకు ఆచార్య ప్రఫుల్లచంద్ర రే పాఠం చెప్పిన తీరు అది.

నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా ప్రాంతంలోని రారూలి గ్రామంలో 1861 ఆగస్టు 2న ఆయన జన్మించారు. కలకత్తాలో చదువుతుండగా తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకుని బడి మాన్పించాయి. తండ్రి గ్రంథాలయమే ఆ రోజుల్లో ఆయనకు పాఠశాల అయింది. ఆ జబ్బు తనకు మేలే చేసిందని ఆయన తరువాత భావించారు. కళాశాలలో అలెగ్జాండర్ పెడ్లర్ చేసి చూపిన ప్రయోగాలు ఆయనను రసాయనశాస్త్రం వైపు లాగాయి. ఒక సహాధ్యాయితో కలిసి ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. నాటు రేకుతో చేయించిన హైడ్రోజన్-ఆక్సిజన్ గొట్టం పేలిపోగా ఇద్దరూ త్రుటిలో బయటపడ్డారు.

గిల్‌క్రిస్ట్ ఉపకారవేతనంపై 1882లో ఎడింబరో వెళ్లి, 1887లో డి.ఎస్‌సి. పట్టా పొంది, మరుసటి ఏడాది తిరిగివచ్చారు. స్వదేశంలో ఆ పట్టాకు దక్కిన మన్నన అంతంతమాత్రమే. దాదాపు ఏడాది నిరీక్షణ తరువాత నెలకు రూ.250 జీతంపై తాత్కాలిక ఉద్యోగం లభించింది. భారతీయుడైనందున ఆంగ్లేయ ఆచార్యుల శ్రేణిలో ఆయనకు చోటివ్వలేదు.

పై తరగతుల బోధన, పరిశోధనలే గౌరవమని భావించే వృత్తిలో ఆయన కోరి కింది తరగతులను తీసుకున్నారు. కుమ్మరి మట్టిని మలచగలిగేది అది పచ్చిగా ఉన్నప్పుడే గదా! మెర్క్యురస్ నైట్రైట్‌పై 1896లో పేరు తెచ్చిన పరిశోధన, ప్రాచీన భారత రసాయనశాస్త్ర చరిత్రపై 1902లో వెలువడిన తొలి సంపుటం, ఈ బోధన నడుమ సాగినవే. జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, నీలరతన్ ధర్ ఆయన శిష్యులు. భౌతికశాస్త్రంలో ప్రఖ్యాతి గడించిన సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలు కూడా ఆయన తరగతిలో కూర్చున్నవారే. ఘోష్ తరువాతి కాలంలో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి తొలి డైరెక్టర్ అయ్యారు.

చదివినవారంతా గుమాస్తాగిరీకీ, న్యాయవాద వృత్తికీ పరుగులు తీయడం ఆయనను బాధించింది. 1892లో సుమారు రూ.700 పెట్టుబడితో, తాను ఉంటున్న అద్దె ఇంటిలోనే బెంగాల్ కెమికల్స్‌కు అంకురార్పణ చేశారు. కసాయి దుకాణాలనుంచి తెచ్చిన పచ్చి ఎముకలను మేడపై ఆరబెట్టగా వాన కురిసి కుళ్లాయి. ఇరుగుపొరుగువారు గగ్గోలు పెట్టారు. ఊరి వెలుపలికి తీసుకుపోయి రాత్రివేళ కాలుస్తుంటే శవదహనమేమోనని పోలీసులు వచ్చి చూశారు. తరగతిలో చెప్పిన పాఠమే అక్కడ సరుకుగా మారింది. 1901లో ఆ సంస్థ రెండు లక్షల రూపాయల మూలధనంతో లిమిటెడ్ కంపెనీ అయింది. దానిని 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేసింది.

యంత్ర పరిశ్రమ స్థాపించిన ఈ శాస్త్రవేత్తే రాట్నాన్నీ నెత్తికెత్తుకున్నారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనను ప్రారంభించినవారు ఆయనే. ఇందులో వైరుధ్యం కనిపించవచ్చు. కాని 1922 ఉత్తర బెంగాల్ వరదల్లో సహాయక చర్యలు నడిపినప్పుడు పనిలేని రైతు దుస్థితిని దగ్గరగా చూసిన మనిషికి కర్మాగారమూ, రాట్నమూ రెండూ అవసరమే అనిపించాయి.

1916లో విశ్వవిద్యాలయ సైన్సు కళాశాలకు మారిన రే, అవివాహితులుగా ఆ భవనంలోనే ఒక గదిలో విద్యార్థుల మధ్య గడిపారు. 60వ ఏటినుంచి తన జీతాన్ని ఆ విశ్వవిద్యాలయానికే విడిచిపెట్టారు. 1944 జూన్ 16న ఆ గదిలోనే కన్నుమూశారు.