ఫుట్‌బాలు గురువు సయ్యద్ అబ్దుల్ రహీముగారు

అనకాపల్లి ప్రాంతపు పాఠశాలల మైదానములలో బంతి తన్నుచు పెరుగు బాలురు సయ్యద్ అబ్దుల్ రహీముగారి పేరు వినియుండకపోవచ్చును. ఆసియా క్రీడలయందు భారతదేశమునకు రెండుమార్లు ఫుట్‌బాలు స్వర్ణపతకము సంపాదించి పెట్టినవారు ఒక బడిపంతులని తెలిసిన, వారు ఆశ్చర్యపడుదురు.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ మిడిలు స్కూలు, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల మొదలగు విద్యాలయములలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటల భారమును వహించిరి. విశ్వవిద్యాలయ జట్టులో ఆడినవారే గాని, ఆడినదానికన్న ఆడించినదే వారికి పేరు తెచ్చెను. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై మరణపర్యంతము ఆ పదవియందుండిరి.

మైదానములోనికి వచ్చినను వారిలోని పంతులు పోలేదు. ప్రతి బాలునకును ఒక కాలు వాటము, రెండవది మొండి. ఆ మొండికాలితోనే ఆడవలెనను నియమముతో రహీముగారు పోటీలు పెట్టిరి. బంతిని తనయొద్దనే ఉంచుకొని విన్యాసములు చేయరాదు, వెంటనే తోటివానికి అందింపవలెననునది మరియొక పోటీ. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం శిక్షణకు అంతదూరము రాలేననగా, సైకిలు అద్దెకు వారే డబ్బిచ్చిరి. ఆ బాలుడే పిమ్మట దేశము మెచ్చిన ఆటగాడయ్యెను.

వారు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీయందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో భారతజట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సతో ఘోరముగ ఓడెను. ఆ పరాభవమును దాచిపెట్టుట రహీముగారికి న్యాయము చేయుట కాదు. చలిదేశమున మనవారిలో పెక్కురు వట్టికాళ్ళతో ఆడిరి; అటుపిమ్మటనే బూట్లు తప్పనిసరియయ్యెను. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్నునందు ఆస్ట్రేలియాను 4-2 గోల్సతో ఓడించి భారతజట్టు నాల్గవస్థానము పొందెను. అంతకుముందు ఆసియా దేశమేదియు ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరలేదు.

1962లో జకార్తాకు వెళ్ళునాటికి వారి ఆరోగ్యము క్షీణించియుండెను. ఇజ్రాయేలు, తైవానులను క్రీడలకు రానీయకపోవుటను భారతీయ ప్రముఖుడొకరు ఆక్షేపించుటచే అచ్చటి ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహించియుండిరి. తొలి ఆటలోనే దక్షిణకొరియా చేతిలో ఓటమి. పిదప థాయిలాండుతో ఆడుచు రక్షణశ్రేణివాడగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీముగారు అతనిని కూర్చుండబెట్టక, ముందుశ్రేణికి మార్చి సెమీఫైనలున ఆడించిరి. అతడు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన తుదిపోటీలో ఎదుట నిలిచినది మరల కొరియాయే. పి. కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్లతలతోనే జర్నైల్ సింగు ఒకటి గోల్సు చేయగా భారతము 2-1తో గెలిచెను.

తొమ్మిది నెలలు తిరుగునంతలో, 1963 జూను 11వ తేదీన, కాన్సరు వ్యాధిచే రహీముగారు కన్నుమూసిరి. 1970లో బాంకాకున కాంస్యపతకము వచ్చినదేగాని, ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణము భారతమునకు మరల దక్కలేదు. వారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీముగారు 1960లో రోము ఒలింపిక్సుకు వెళ్ళిన జట్టులో నుండిరి; 2021లో దివంగతులైరి. తండ్రి జీవితమును చూపు హిందీ చలనచిత్రము 2024లో విడుదలయ్యెను. కుమారుడు దానిని చూడలేదు.