పేదవాడికి పక్కా ఇల్లు.. నిమ్మకూరు బిడ్డ సంకల్పం

పామర్రు: కృష్ణా జిల్లా పామర్రు మండలంలోని నిమ్మకూరు పేరు వినగానే తెలుగువారికి వెండితెర రాముడు, కృష్ణుడు స్ఫురిస్తారు. కానీ ఈ ప్రాంతపు పాత కాలనీల్లో నివసించే వృద్ధులను కదిలిస్తే, సినిమాల కంటే ముందు ఇంటి ప్రస్తావన వస్తుంది. తాటాకు గుడిసె పోయి ఇటుక గోడ లేచిన రోజులను వారు నందమూరి తారక రామారావు కాలంగానే లెక్కిస్తారు.

ఎన్టీఆర్ 1923 మే 28న నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించారు. విజయవాడలో చదువుకునే రోజుల్లో పాలు పోసి కుటుంబానికి ఆసరాగా నిలిచారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టా పుచ్చుకుని, 1947లో సబ్ రిజిస్ట్రారుగా చేరి కొద్ది రోజులకే ఉద్యోగం వదిలి మద్రాసు రైలెక్కారు. 1949లో ‘మనదేశం’తో మొదలైన నట జీవితం ఎటువంటిదో ఈ జిల్లా పాఠకులకు వివరించనక్కరలేదు.

ఇక్కడ గుర్తు చేసుకోవలసింది వేరొకటి ఉంది. 1952లో రాయలసీమ కరవు బాధితుల కోసం ఆయన ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మళ్లీ జోలె పట్టారు. ఆ ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాయి. తాటాకు కప్పులు, మట్టి గోడలు నీటి ముందు నిలవలేదు. తీర గ్రామాల్లో గుడిసె ఒక్క ఉప్పెనకే బలి కాదు; వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదయ్యేది. మళ్లీ అదే తాటాకు, అదే వెదురు. ఏటేటా కప్పు మార్చడానికయ్యే ఖర్చే కూలివాడి నడ్డి విరిచేది.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ స్థాపించి, తొమ్మిది నెలల్లోనే 1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. కిలో రెండు రూపాయల బియ్యం, జనతా వస్త్రాలు, పేదలకు పక్కా ఇళ్లు ఆయన ప్రధాన వాగ్దానాలు. కూడు, గుడ్డ, గూడు అన్న మూడింటిలో మొదటి రెండింటికీ దక్కినంత ప్రచారం మూడోదానికి దక్కలేదన్నది ఈ విలేకరి అభిప్రాయం.

ఇళ్ల పథకం ఆయనతోనే పుట్టిందనడం సరికాదు. రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ 1979లోనే ఏర్పడింది. అయితే గుడిసె స్థానంలో పక్కా ఇల్లు నిర్మించడాన్ని ప్రభుత్వ ప్రధాన కార్యక్రమంగా ఊరూరికీ తీసుకెళ్లిన ఘనత ఆయన హయాంకు దక్కుతుంది. స్థలానికి పట్టా ఇచ్చి, నిర్మాణ వ్యయంలో కొంత ప్రభుత్వం రాయితీగా భరించేది. కొంత భాగం హడ్కో వంటి సంస్థల నుంచి తెచ్చిన రుణం. మిగిలింది లబ్ధిదారుడి వాటా. అది చాలాచోట్ల రొక్కంగా కాక రెక్కల కష్టంగానే సమకూరేది. భార్యాభర్తలిద్దరూ ఇటుకలు మోసి కట్టుకున్న ఇళ్లు కావడం వల్లనే కాబోలు, వాటిపై అంత మమకారం.

లోపాలు లేకపోలేదు. గదులు ఇరుకు. కొన్నిచోట్ల నాసిరకం పనుల వల్ల కప్పులు కారాయి, గోడలు బీటలు వారాయి. కాలనీలు ఊరికి దూరంగా, పల్లపు నేలల్లో వెలసి, వానాకాలంలో మోకాటి లోతు నీటిలో నిలిచాయి. మరమ్మతులకు ప్రత్యేకంగా నిధులు లేక లబ్ధిదారులు అప్పులు చేశారు.

ఇంటికి సంబంధించి ఎన్టీఆర్ చేసిన మరో పని గోడలు కట్టడం కంటే చిన్నదేమీ కాదు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకూ కుమారుడితో సమాన హక్కు కల్పిస్తూ 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో.

1984 ఆగస్టులో పదవి కోల్పోయి నెల రోజులకే తిరిగి అధిష్ఠించడం, 1989లో ఓటమి, 1994లో ఘన విజయం, మరుసటి ఏడాదే పదవీచ్యుతి.. అంతా చరిత్ర. 1996 జనవరి 18న హైదరాబాదులో కన్నుమూశారు. 2022లో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

ఆ ఇళ్ల లెక్క మాత్రం ఆయనతో ముగియలేదు. రాయితీ పోను మిగిలిన రుణం వడ్డీతో పెరుగుతూ వచ్చింది. గోడలు తమవే అయినా పత్రాలు గృహ నిర్మాణ సంస్థ తనఖాలోనే ఉండటంతో, అమ్ముకోవడానికీ బ్యాంకు రుణానికీ వీలు లేకపోయింది. చివరకు 2021లో రాష్ట్ర ప్రభుత్వం 1983 నుంచి 2011 ఆగస్టు 15 వరకు ఇళ్లు పొందినవారికి ఒకేసారి చెల్లింపు పథకం ప్రకటించింది. గ్రామాల్లో రూ.10 వేలు, పురపాలక సంఘాల్లో రూ.15 వేలు, నగరపాలక సంస్థల్లో రూ.20 వేలు చెల్లిస్తే రుణం మాఫీ చేసి, యాజమాన్య హక్కు రిజిస్టర్ చేసి ఇస్తామన్నది. ఎన్టీఆర్ తొలి ఏడాదిలో ఇల్లు మంజూరైన కుటుంబాలకు అది ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన పిలుపు. అప్పటికి ఆనాటి లబ్ధిదారుల్లో అనేకులు లేరు. ఆ సొమ్ము కట్టాలా వద్దా అని తర్జనభర్జన పడింది వారి పిల్లలు, మనవలు.